సీసపు గుండుకు పొడి పూత: గొట్టం దగ్గర మేలు.. పొయ్యి దగ్గర ముప్పు

ఇత్తడి గిన్నెకు కళాయి పూయడం మన ఊళ్లలో పాతతరానికి బాగా తెలిసిన పని. పులుపు తగిలితే ఇత్తడి కిలుమెక్కుతుంది. అందుకే వంటకూ లోహానికీ నడుమ తగరపు పొరను అడ్డుగా నిలిపేవారు. అమెరికాలో లక్ష్యసాధన అభిరుచిగా గలవారు ఇళ్లలో పోసుకునే సీసపు గుండ్లకు చేస్తున్నదీ దాదాపు అటువంటి పనే. ఇనుప గేట్లకు, అల్యూమినియం కిటికీలకు వేసే పౌడర్ కోటింగ్‌నే వారు వేలెడైనా లేని సీసపు గుండ్లకు వేస్తున్నారు. తుపాకి గొట్టానికి సీసం అంటకుండా, చేతులకు మురికి కాకుండా ఈ పూత కాపాడుతుంది. అయితే పూత వేశాం కదా, సీసం బెడద తీరిందనుకోవడం పొరపాటు. ఆ బెడదలో పెద్దభాగం పూతకు ముందే, సీసం కరిగించే పొయ్యి దగ్గరే మొదలవుతుంది. ఆ పొయ్యి చాలాచోట్ల పిల్లలు తిరిగే ఇంటికి ఆనుకుని ఉన్న గ్యారేజీలో ఉండటం ఆలోచించవలసిన విషయం.

తూటాలో ఏముంటాయి?

వాడుకలో తూటా, గుండు అనే మాటలను ఒకే అర్థంలో వాడుతుంటారు. నిజానికి తూటాలో నాలుగు భాగాలుంటాయి. వెలుపలి ఇత్తడి తొడుగు, దాని అడుగున నిప్పు రాజేసే ప్రైమర్, లోపల తుపాకి మందు, కొసన బిగించిన గుండు. మీట నొక్కగానే ప్రైమర్ మండి మందును అంటిస్తుంది. పుట్టిన వాయువుల ఒత్తిడికి గుండు గొట్టం గుండా దూసుకుపోతుంది. ప్రైమర్, మందు, గుండు ఖర్చైపోగా ఇత్తడి తొడుగు మాత్రం మిగులుతుంది. తూటాలో విలువైన భాగమూ అదే.

ఆ తొడుగును శుభ్రపరచి, కొలతకు తెచ్చి, కొత్త ప్రైమర్, మందు, గుండు అమర్చడాన్ని రీలోడింగ్ అంటారు. అమెరికాలో ఇది దశాబ్దాలుగా ఉన్న అభిరుచి. ఖర్చు తగ్గడం ఒక కారణం. 2013లోనూ, కరోనా వ్యాపించిన 2020లోనూ దుకాణాల్లో తూటాలు దొరకకపోవడంతో ఎందరో ఈ దారి పట్టారు. వీరిలో కొందరు మరో అడుగు ముందుకు వేసి గుండును సైతం ఇంట్లోనే పోత పోసుకుంటారు. తొమ్మిది మిల్లీమీటర్ల పిస్తోలు గుండు ఒకటి సుమారు ఎనిమిది గ్రాములు తూగుతుంది. ఆ లెక్కన కిలో సీసంతో 120కి పైగా గుండ్లు తయారవుతాయి.

సీసమే ఎందుకు?

సీసం బరువైన లోహం. నీటికంటే పదకొండు రెట్లకు పైగా సాంద్రత గలది. 327 డిగ్రీల సెల్సియస్ వద్దనే కరిగిపోతుంది కనుక చిన్న విద్యుత్ పాత్రతోనే పని జరుగుతుంది. మెత్తనిది కావడంతో గొట్టం లోపలి మరచుట్ల గాళ్లను ఇట్టే పట్టుకుంటుంది. అయితే శుద్ధ సీసం మరీ మెత్తన. అందుకే గట్టిదనానికి యాంటిమొనీని, అచ్చు మూలమూలకూ లోహం చక్కగా పారడానికి తగరాన్ని కలుపుతారు. ఈ రంగంలో పేరున్న లైమన్ నంబర్ 2 మిశ్రమంలో నూటికి 90 పాళ్లు సీసం, 5 పాళ్లు తగరం, 5 పాళ్లు యాంటిమొనీ ఉంటాయి.

ఒకప్పుడు టైర్ల దుకాణాల్లో చక్రాల సమతూకానికి వాడి తీసేసిన బిళ్లలు వీరికి ప్రధాన ముడిసరకు. పర్యావరణ కారణాలతో ఐరోపా సమాఖ్య కార్లకు, కాలిఫోర్నియా వంటి రాష్ట్రాలు అన్ని వాహనాలకు సీసపు బిళ్లలను నిషేధించడంతో ఉక్కు, జింకు బిళ్లలు పెరిగాయి. జింకు 419 డిగ్రీల వద్ద కరుగుతుంది. పొరపాటున సీసంలో కలిస్తే అచ్చులో లోహం సరిగా పారదు. అందువల్ల పాత్ర వేడిని ఆ స్థాయికి దిగువన ఉంచి, పైకి తేలిన జింకు బిళ్లలను ఏరివేస్తారు.

కొవ్వు పూత కాలం

పోత గుండును ఉన్నదున్నట్లు పేలిస్తే చిక్కు వస్తుంది. గుండుకూ గొట్టానికీ నడుమ ఏ కొద్ది సందున్నా మండుతున్న వాయువులు అందులోంచి దూసుకువచ్చి గుండు అంచులను కరిగిస్తాయి. ఆ సీసం గొట్టం గోడలకు అతుక్కుంటుంది. గురి చెదురుతుంది. పేరుకున్న సీసాన్ని గీకి తీయడం గంటల పని.

దీనికి పాత విరుగుడు కందెన. గుండు చుట్టూ గాళ్లు పెట్టి, వాటిలో తేనెమైనం వంటి పదార్థాలు కలిపిన కొవ్వును నింపేవారు. ఇది పనిచేసేది కాని, పొగ ఎక్కువ. కొవ్వుకు దుమ్ము అంటుకునేది. ఎండవేళ కరిగి కారేది. మరో విరుగుడు రాగి తొడుగు. స్విట్జర్లాండ్ సైనికాధికారి ఎడ్వర్డ్ రూబిన్ 1882లో రాగి తొడుగు గుండును రూపొందించారు. ఆ తర్వాత సైన్యాలన్నీ ఆ బాట పట్టాయి. కాని రాగి తొడుగు వేయడానికి భారీ యంత్రాలు కావాలి. ఇంట్లో అయ్యే పని కాదు. ఆ లోటును పూడ్చింది పౌడర్ కోటింగ్.

గేటు రంగే.. గుండు పూత

పౌడర్ కోటింగ్ మనకు కొత్తేమీ కాదు. హైదరాబాద్ బాలానగర్, విజయవాడ ఆటోనగర్ వంటి పారిశ్రామిక వాడల్లో పనిచేసేవారికి పరిచయమైన పనే. ద్రవ రంగులో పలచన చేయడానికి వాడే ద్రావణి ఆవిరైపోయి, మిగిలింది పొరగా ఏర్పడుతుంది. పౌడర్ కోటింగ్‌లో ద్రావణి ఉండదు. పాలియెస్టర్ వంటి రెసిన్, దాన్ని గట్టిపరిచే పదార్థం, రంగు కలిపి మెత్తగా నూరిన పొడి మాత్రమే ఉంటుంది. జర్మనీకి చెందిన ఎర్విన్ గెమ్మర్ 1950లలో ఈ విధానానికి నాంది పలికారు. విద్యుదావేశంతో పొడిని చిమ్మే పద్ధతి 1960లలో వచ్చింది.

వేడి తగలగానే పొడి మొదట కరిగి లోహంపై పరుచుకుంటుంది. ఆ వేడిలోనే అణువులు ఒకదానితో ఒకటి వల అల్లినట్లు పెనవేసుకుంటాయి. ఒకసారి అలా బిగిసిన పొర మళ్లీ వేడి చేసినా కరగదు. కొవ్వు కరిగిపోవడానికీ, ఈ పూత నిలవడానికీ తేడా ఇదే. గొట్టంలో గుండు గడిపేది సెకనులో వెయ్యోవంతు పాటి కాలం. అంతసేపూ వేడి వాయువులకు, మెత్తని సీసానికి నడుమ ఈ పొర తడికలా నిలుస్తుంది.

డబ్బాలో ఊపితే చాలు

కర్మాగారంలో పొడి చిమ్మే తుపాకి, విద్యుదావేశ పరికరం ఉంటాయి. ఇంట్లో పద్ధతి అంతకంటే సులువు. పొడిగా, జిడ్డు లేకుండా ఉన్న గుండ్లను ప్లాస్టిక్ డబ్బాలో వేస్తారు. బొమ్మ తుపాకుల్లో వాడే ప్లాస్టిక్ పూసలు గుప్పెడు, చెంచాడు పొడి కలిపి నిమిషం పాటు గుండ్రంగా ఊపుతారు. తల దువ్విన దువ్వెన కాగితపు ముక్కలను ఆకర్షించినట్లే, రాపిడికి పుట్టిన స్థిర విద్యుత్తు పొడిని గుండుకు అంటిస్తుంది. అడుగున 5 అంకె ముద్ర ఉన్న పాలీప్రొపిలీన్ డబ్బాలు ఇందుకు అనువైనవని పేరు. గాలిలో తేమ ఎక్కువగా ఉన్న రోజున పొడి సరిగా అంటదు.

తర్వాత గుండ్లను పట్టకారుతో ఏరి, ఒకదానికొకటి తగలకుండా పళ్లెంలో నిలబెట్టి, ఓవెన్‌లో సుమారు 200 డిగ్రీల వద్ద 20 నిమిషాలు ఉంచుతారు. పొడి రకాన్ని బట్టి వేడి, సమయం మారుతాయి. ఇక్కడ ఒక మెలకువ ఉంది. శుద్ధ సీసం 327 డిగ్రీల వరకు ఆగినా, యాంటిమొనీ, తగరం కలిసిన మిశ్రమం 240 డిగ్రీల చేరువలోనే మెత్తబడటం మొదలవుతుంది. చవక ఓవెన్‌లలో మీట చూపే వేడికీ, లోపలి వేడికీ పొంతన ఉండదు. కాస్త అటూ ఇటూ అయితే గుండ్లు కూలబడిపోతాయి. అందుకే లోపల విడిగా ఉష్ణమాపకం ఉంచుతారు.

ఉడికిందీ లేనిదీ తెలుసుకోవడానికి రెండు పరీక్షలున్నాయి. చల్లారాక అసిటోన్‌లో తడిపిన గుడ్డతో రుద్దితే రంగు దిగకూడదు. ఒక గుండును సుత్తితో చదును చేస్తే పూత పెచ్చులుగా రాలకూడదు. రాలితే పూత సరిగా ఉడకలేదనో, గుండుకు జిడ్డు ఉందనో అర్థం.

ఆ తర్వాత కొలత సరిచూడటం. పూత వల్ల గుండు వ్యాసం అంగుళంలో వెయ్యింట రెండు మూడు వంతుల మేర పెరుగుతుంది. వినడానికి ఇది అల్పమే. కాని తొమ్మిది మిల్లీమీటర్ల పిస్తోలుకు రాగి తొడుగు గుండు 0.355 అంగుళాలు ఉంటే, పోత గుండును సాధారణంగా 0.356కు సరిచేస్తారు. తేడా అంతా వెయ్యోవంతులోనే ఉంది. కాబట్టి పూత వేసిన గుండును ఉక్కు అచ్చు గుండా నొక్కి కొలతకు తేవడం తప్పనిసరి. పోసిన వెంటనే నీళ్లలో వేసి గట్టిపరచిన గుండ్లయితే ఓవెన్ వేడికి ఆ గట్టిదనం పోతుందన్నదీ గుర్తుంచుకోవాలి. పూత ఉంది కదా అని మందు మోతాదును సొంత లెక్కతో పెంచడం ప్రాణాంతకం. ముద్రిత పట్టికల్లోని కొలతలను దాటరాదన్నది రీలోడింగ్‌లో మొదటి సూత్రం.

పూత ఆపేది ఎంత?

మేలు ఉన్నమాట నిజం. గొట్టానికి సీసం అంటడం దాదాపుగా తగ్గిపోతుంది. పొగ తగ్గుతుంది. తూటాలు నింపేటప్పుడు వేళ్లకు సీసపు నలుపు అంటదు.

కాని ఆపలేనివీ ఉన్నాయి. గుండు ఉక్కు పలకకు తగిలి పగిలినప్పుడు లోపలి సీసం పొడిగా చెదరుతుంది. చాలా రకాల ప్రైమర్లలో లెడ్ స్టిఫ్నేట్ అనే సీసపు సమ్మేళనం ఉంటుంది. అది మండినప్పుడు వెలువడే సీసాన్ని గుండుపై పూత ఆపజాలదు. గాలి ఆడని షూటింగ్ రేంజిలలో పీల్చే గాలిలోకి ఈ రెండు దారుల్లోనూ సీసం చేరుతుంది. పూత వేసినంత మాత్రాన గుండు సీసరహితం కాదు. కాలిఫోర్నియా 2019 జూలై నుంచి వేటలో సీసపు తూటాలను పూర్తిగా నిషేధించింది. వేటగాళ్లు వదిలిన కళేబరాలను తిని కాండర్ రాబందులు సీసం విషానికి బలికావడం ఇందుకు ముఖ్య కారణం. రంగు పూసిన సీసమూ ఆ నిషేధం కిందికే వస్తుంది.

అసలు ముప్పు పొయ్యి దగ్గర

సీసం కరిగిస్తే వచ్చే ఆవిరే ప్రమాదమని చాలామంది తలుస్తారు. సీసం మరిగేది 1,749 డిగ్రీల వద్ద. పోతకు వాడే నాలుగు వందల డిగ్రీల లోపు వేడిలో ఆవిరి స్వల్పం. అసలు శత్రువు కంటికి ఆనని ధూళి. కరిగిన సీసంపై బూడిద రంగు తెట్టు కడుతుంది. గరిటెతో దాన్ని తీసి డబ్బాలో పోసేటప్పుడు లేచే దుమ్ములో సీసపు ఆక్సైడ్ ఉంటుంది. అది బల్లపైనా, నేలపైనా, చొక్కాపైనా, చెప్పులపైనా వాలుతుంది. చేతుల నుంచి నోటికి, చెప్పుల నుంచి ఇంట్లోకి చేరుతుంది. పెద్దలు పని ముగించి లోపలికి వస్తారు. నేలపై పాకే బిడ్డ ఆ ధూళిని చేతికి అంటించుకుని నోట్లో పెట్టుకుంటాడు.

కడుపులోకి వెళ్లిన సీసంలో పెద్దల శరీరం గ్రహించేది పదో వంతు పాటి. పసిపిల్లల శరీరం సగం దాకా గ్రహించగలదు. రక్తంలో చేరిన సీసం ఎముకల్లో స్థిరపడి దశాబ్దాలు ఉండిపోతుంది. ఎదుగుతున్న మెదడును దెబ్బతీసి తెలివితేటలను, ఏకాగ్రతను తగ్గిస్తుంది. గర్భిణి ఎముకల్లో దాగిన సీసం కడుపులోని శిశువుకూ చేరుతుంది. సురక్షితమని చెప్పదగిన సీసం స్థాయి ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ స్పష్టం చేసింది. పిల్లల రక్తంలో డెసిలీటరుకు 3.5 మైక్రోగ్రాములు దాటితే చర్యలు మొదలుపెట్టాలని అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం 2021లో నిర్ణయించింది. అంతకుముందు ఆ గీత 5 వద్ద ఉండేది.

కరిగిన సీసంలో ఒక్క నీటి చుక్క పడినా అది లోహం లోపల క్షణంలో ఆవిరై, సీసాన్ని పైకి చిమ్ముతుంది. తడిసిన లోహపు ముక్కను పాత్రలో వేసినా, చెమట చుక్క జారినా ఇదే జరుగుతుంది. ముఖం, కళ్లు కాలిపోతాయి. పాత వాహన బ్యాటరీల పలకలను కరిగించడం మరింత ప్రమాదకరం. వాటిలోని యాంటిమొనీ, ఆర్సెనిక్ ఆమ్లంతో కలిసి స్టిబిన్, ఆర్సిన్ అనే అత్యంత విషపూరిత వాయువులుగా మారవచ్చు. అనుభవజ్ఞులైన పోతగాళ్లు బ్యాటరీ సీసం జోలికి పోకపోవడానికి కారణం ఇదే.

పాటించవలసిన జాగ్రత్తలు

* సీసం కరిగించే పని ఆరుబయట, గాలివాటు చూసుకుని చేయాలి. ఇంటిని ఆనుకున్న మూసిన గదిలో కూడదు.
* పిల్లలు, గర్భిణులు ఆ ఛాయలకు రాకూడదు.
* పూతకు వాడిన ఓవెన్, పళ్లెం, గరిటె మళ్లీ వంటకు పనికిరావు. వంటగది ఓవెన్‌ను ఒక్కసారి అని కూడా వాడరాదు.
* పని జరిగే చోట తినడం, తాగడం, పొగ తాగడం మానాలి.
* నేలను చీపురుతో ఊడ్చితే ధూళి లేస్తుంది. తడిగుడ్డతోనే తుడవాలి.
* పనికి వేరే బట్టలు, చెప్పులు ఉంచుకుని, వాటిని ఇంటి బట్టలతో కలపకుండా ఉతకాలి.
* తెట్టును మూత గట్టిగా ఉన్న డబ్బాలో భద్రపరచి, ప్రమాదకర వ్యర్థాలను స్వీకరించే కేంద్రానికి అప్పగించాలి.
* పూత పొడి ఊపిరితిత్తులకు మంచిది కాదు. గాలిలో మేఘంలా లేస్తే నిప్పురవ్వకు అంటుకోగలదు. ముఖానికి తగిన మాస్కు ఉండాలి, దగ్గరలో మంట ఉండరాదు.
* ఏడాదికొకసారైనా రక్తంలో సీసం పరీక్ష చేయించుకోవాలి. ఇంట్లో పిల్లలుంటే వారికీ చేయించాలి.

చట్టం ఏమంటోంది?

అమెరికాలో సొంత వాడకానికి తూటాలు తయారు చేసుకోవడానికి సమాఖ్య చట్టం ప్రకారం లైసెన్సు అక్కర్లేదు. అమ్మకానికి చేస్తే మాత్రం లైసెన్సు తప్పనిసరి. రాష్ట్రాల నిబంధనలు వేర్వేరుగా ఉంటాయి. అక్కడున్న తెలుగువారు ప్రత్యేకించి గమనించవలసిన అంశం ఒకటి ఉంది. విద్యార్థి వీసా, హెచ్1బి వంటి తాత్కాలిక వీసాలపై ఉన్నవారు తుపాకినే కాదు, తూటాలను కలిగి ఉండటాన్ని సైతం సమాఖ్య చట్టం సాధారణంగా నిషేధిస్తోంది. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు ఉన్నవారి వంటి కొద్దిపాటి మినహాయింపులే ఉన్నాయి. మిత్రుని గ్యారేజీలో సరదాగా చేసిన పనే కేసుకు, వీసా రద్దుకు దారితీయవచ్చు. గ్రీన్‌కార్డు ఉన్నవారికి ఈ నిషేధం వర్తించదు.

మన దేశంలో పరిస్థితి పూర్తిగా వేరు. ఆయుధ చట్టం, 1959లోని సెక్షన్ 5 ప్రకారం లైసెన్సు లేకుండా ఆయుధాలు గాని, తూటాలు గాని తయారు చేయడం నేరం. 2019 సవరణతో ఈ నేరానికి కనీస శిక్ష ఏడేళ్లకు పెరిగింది. యావజ్జీవ కారాగారం దాకా పడవచ్చు.

ఇక్కడా కరుగుతోంది సీసం

గుండ్లు పోయకపోయినా సీసం కరిగించడం మన వద్దా ఉంది. వలల అంచులకు కట్టే సీసపు గుళ్లు, పాత బ్యాటరీల నుంచి చాటుమాటుగా తీసే సీసం ఇందుకు ఉదాహరణలు. ప్రపంచంలో ప్రతి ముగ్గురు పిల్లల్లో ఒకరి రక్తంలో సీసం డెసిలీటరుకు 5 మైక్రోగ్రాములు, అంతకు మించి ఉందని యునిసెఫ్, ప్యూర్ ఎర్త్ సంస్థలు 2020లో అంచనా వేశాయి. అనధికారికంగా బ్యాటరీలు విప్పి కరిగించడాన్ని ప్రధాన కారణాల్లో ఒకటిగా పేర్కొన్నాయి. మన దేశంలో 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నియమాలు వాడిన బ్యాటరీలను తిరిగి సేకరించి శుద్ధి చేయించే బాధ్యతను తయారీదారులపై ఉంచాయి. పాత బ్యాటరీని తూకానికి వేసేముందు అది ఎవరి పెరట్లో కరుగుతుందో ఆలోచించడం వినియోగదారుని వంతు.

పూత గొప్పది కాదని ఎవరూ అనరు. గొట్టాన్ని, వేళ్లను అది కాపాడుతుంది. కాని గుండుకు పూత వేసే వేళకే సీసం తన ధూళిని వదిలేసి ఉంటుంది. కళాయి గిన్నె లోపలి వంటను కాపాడేది. పొయ్యి ఊదే మనిషిని పొగ నుంచి కాపాడేది కాదు. ఇదీ అంతే. సీసంతో పనిచేసే వారెవరైనా, ఏ దేశంలో ఉన్నా, ముందుగా చూసుకోవలసింది గుండు మెరుపును కాదు. పని ముగించి ఇంట్లోకి వెళ్లే తమ చేతులను, చెప్పులను, బట్టలను.